ఐదో తరగతికి అధ్యక్షుడి సంతకం

అమెరికాలో ఎలిమెంటరీ స్కూలు చాలాచోట్ల ఐదో తరగతితో అయిపోతుంది. ఆ చివర్లో జరిగే వేడుకని చాలా స్కూళ్ళు గ్రాడ్యుయేషన్ అనవు, ప్రమోషన్ అంటాయి. చదువు పూర్తి కాలేదు, మెట్టు మారిందంతే. ఆ రోజు కొందరు పిల్లల చేతికొచ్చే సర్టిఫికెట్ మీద దేశాధ్యక్షుడి సంతకం ఉంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళ పిల్లలకొస్తే ఇక్కడ తాతయ్యలకి ఆ సంతకమే పెద్ద వార్త. నిజానికి అది అచ్చువేసిన సంతకం. ఎవరికివ్వాలో తేల్చేది ఆ స్కూలు ప్రిన్సిపల్.

ఈ బహుమతి పుట్టుక వెనక ఉన్నది పిల్లల మీద మురిపెం కాదు, పెద్దవాళ్ళ భయం. ముందు ఒంటి గురించి భయపడ్డారు. వ్యాయామ పరీక్షల్లో అమెరికా పిల్లలు యూరప్ పిల్లలకన్నా వెనకబడ్డారని 1950ల్లో తేలితే, 1956లో ఐసెన్‌హోవర్ ఒక కౌన్సిల్ పెట్టాడు. 1966లో జాన్సన్ హయాంలో ఫిట్‌నెస్ అవార్డు వచ్చింది. తర్వాత బుర్ర వంతు. 1983 ఏప్రిల్‌లో ‘ఎ నేషన్ ఎట్ రిస్క్’ అనే ప్రభుత్వ నివేదిక వచ్చింది. జపాన్ కార్లు, కొరియా ఉక్కు పోటీకొస్తుంటే మన బళ్ళు దిగజారిపోతున్నాయని దాని గోల. అదే ఏడాది రీగన్ ప్రభుత్వం చదువుకీ ఒక అవార్డు మొదలుపెట్టింది. మొదట్లో దాని పేరు ‘ప్రెసిడెన్షియల్ అకడమిక్ ఫిట్‌నెస్ అవార్డు’. పేరులోనే ఉంది చూడండి: చదువుని కూడా బస్కీల్లాగే లెక్కపెట్టాలనుకున్నారు.

ఇప్పుడు దాన్ని ‘ఎడ్యుకేషనల్ ఎక్సలెన్స్’ అవార్డు అంటున్నారు. నూటికి 90 స్థాయి గ్రేడ్లుండాలి. దాంతోపాటు పరీక్షల్లో మంచి ఫలితమో, టీచర్ల సిఫారసో కావాలి. ఎలిమెంటరీ పిల్లల విషయంలో మూడో తరగతి దాకా వచ్చిన గ్రేడ్లు లెక్కలోకి రావు. ఇంతమందికే ఇవ్వాలన్న పరిమితి కూడా లేదు. మన ర్యాంకులకీ దీనికీ తేడా అదే. ఒకడికి రావడం వల్ల ఇంకొకడికి పోదు.

తర్వాత దీని పక్కన రెండోది చేరింది, ‘ఎడ్యుకేషనల్ అచీవ్‌మెంట్’. ఆ గీత దాటకపోయినా బాగా ఎదిగినవాళ్ళకి, అడ్డంకులున్నా పట్టు వదలనివాళ్ళకి ఇది. దీన్ని రెండో రకం బహుమతిగా చూడొద్దని నిబంధనల్లోనే రాశారు. అలా రాయాల్సి వచ్చిందంటేనే జనం ఎలా చూస్తారో తెలిసినట్టు. పదేళ్ళ పిల్లలకి ఈ తేడా ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఏ పేరు ఏ జాబితాలో పిలిచారో చాలు.

అయినా నా ఓటు రెండోదానికే. మొదటిదాన్ని గ్రేడ్ల పట్టిక చూసి దాదాపు ఎవరైనా తేల్చేయొచ్చు. రెండోదానికి ఒక టీచరు ఏడాది పొడుగునా పిల్లని గమనించి ఉండాలి. సెప్టెంబర్‌లో పేరా చదవడానికి తడబడిన పిల్ల మేలో కథల పుస్తకం వదలట్లేదని ఆవిడ పట్టుకోవాలి. ఇక్కడ పోలిక పక్క బెంచీతో కాదు, నిన్నటి తనతో. దేశం పరువు కోసం మొదలైన పథకంలో పిల్లని పిల్లగా చూసింది ఈ చేర్పే. పరిమితి లేదు కాబట్టి ఆ పేరు రాయకుండా ఆపే నిబంధన కూడా ఏదీ లేదు. చూసేవాళ్ళుంటే చాలు.