చెట్టు ఎవరిది? నేల ఎవరిది? సాహెల్ పల్లెలు అడిగే ప్రశ్న
(నేల చరిత్రలు: 6)



కరువు గురించి మనకు చెప్పే కథల్లో ఎప్పుడూ నేరం వాన మీదే పడుతుంది. వాన రాలేదు, పంట పోయింది, జనం వలసపోయారు. క్లాసులో కరువు కథ చెప్పిన ప్రతిసారీ నేను పిల్లల్ని ఒకటే అడుగుతాను: వాన సంగతి సరే, ఆ నేల ఎవరి పేరున ఉంది?

ఈ వారం ఆ ప్రశ్నను సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ పల్లెల్లో అడుగుదాం. ఇది మనకు పరాయి నేలేమీ కాదు. మనం తినే సజ్జకు పుట్టిల్లు అదే.

నైజర్ దేశంలో మరాది, జిందర్ ప్రాంతాలు. హౌసా రైతుల సజ్జ చేలు. అక్కడి చేలల్లో 'గావో' అనే చెట్టు ఉంటుంది, మన తుమ్మకు దగ్గరి చుట్టం. వానాకాలంలో ఆకు రాలుస్తుంది, ఎండాకాలంలో చిగురిస్తుంది. కాబట్టి పైరుకు నీడ అడ్డం రాదు. ఎండల్లో పశువులు దాని కిందే నిలబడతాయి, వాటి పేడ ఆ చేనుకే ఎరువు.

ఫ్రెంచివాళ్లు వచ్చి పన్ను డబ్బుగానే కట్టమన్నారు. డబ్బు కావాలంటే వేరుశనగ వేయాలి. వేరుశనగ కోసం బీళ్లు, పొదలు కొట్టి చేలు చేశారు. 1935లో పశ్చిమాఫ్రికా వలసలన్నిటికీ ఒక అటవీ చట్టం తెచ్చారు. రైతు సొంత చేలో ఉన్నా సరే, రక్షిత జాతి చెట్టును కొట్టాలంటే అనుమతి కావాలి. లేకపోతే జరిమానా. 1960లో స్వాతంత్ర్యం వచ్చింది కానీ ఫారెస్టు గార్డు పెత్తనం పోలేదు. చెట్టు పెరిగితే సర్కారుది, కేసు మాత్రం రైతుది. అందుకే రైతు మొక్కను మొలకప్పుడే పీకేశాడు. అది అజ్ఞానం కాదు, లెక్క.

1968-73 కరువు, ఆ తర్వాత 1984 కరువు. గాలికి ఇసుక లేచి మొలకలను పూడ్చేస్తుంటే రెండు మూడుసార్లు విత్తేవాళ్లు. 1983లో మరాదిలో పనిచేస్తున్న టోనీ రినాడో అనే ఆస్ట్రేలియన్, చేలల్లో కనిపించే పిచ్చి పొదలు నిజానికి నరికిన చెట్ల మోళ్లేనని, కింద వేళ్లు బతికే ఉన్నాయని గమనించాడు. మోడుకు నాలుగైదు కొమ్మలు ఉంచి మిగతావి కత్తిరిస్తే చాలు. పేరు ఆయనకొచ్చింది. కత్తి పట్టి చెట్లను పెంచింది మాత్రం లక్షలాది పేద రైతులు. అధికారులు పట్టు సడలించి, చెట్టు మీద రైతుకు చేతలో హక్కు వచ్చాకే అది ఊరూరా పాకింది. 20 ఏళ్లలో సుమారు 50 లక్షల హెక్టార్లు పచ్చబడ్డాయి. వాన ఒక్కటే చేసిన పని కాదిది.

అయితే ఆ రైతు అంటే ఎవరు? హౌసా ఇళ్లల్లో పెద్ద చేను కుటుంబ యజమానిది. భార్యలకు 'గామనా' అనే చిన్న చెక్క ఇచ్చేవారు. జనం పెరిగి, భూమికి ధర వచ్చేసరికి ముందు పోయింది ఆ చెక్కే. తర్వాత కొన్ని ఊళ్లల్లో ఇక్రిశాట్ సాయంతో ఆడవాళ్ల సంఘాలకు నేల ఇచ్చారు. మన పటాన్‌చెరు ఇక్రిశాటే, నైజర్‌లోనూ దానికి కేంద్రం ఉంది. ఇచ్చిన నేల ఎలాంటిది? మగవాళ్లు వదిలేసిన, గడ్డి కూడా మొలవని గట్టి నేల. ఆడవాళ్లు గుంతలు తవ్వి, నెలవంక గట్లు వేసి, బెండ, మునగ, మన దేశం నుంచి వెళ్లిన అంటు రేగు పండించారు.

చదువుతుంటే మీకు ఏదో గుర్తొస్తుంది కదా? మా తాతకు వచ్చిన పట్టా కూడా గుట్ట వారన రాళ్ల నేలే. ఎవరికీ అక్కర్లేని నేలే మనదాకా వస్తుంది.

అదే నేల పచ్చబడితే ఏమవుతుందో తెలియాలంటే పక్కనున్న బుర్కినా ఫాసో వెళ్లాలి. యాకుబా సవడోగో 1980 ప్రాంతంలో 'జాయ్' అనే పాత గుంతల పద్ధతిని బాగుచేశాడు. ఎండాకాలంలోనే గుంతలు తవ్వి పేడ వేస్తే చెదలు వచ్చి నేలను గుల్ల చేస్తాయి, తొలివాన లోపలికి ఇంకుతుంది. ఊరివాళ్లు పిచ్చోడన్నారు, చేనుకు నిప్పు పెట్టారు. ఆయన ఆగలేదు. సుమారు 40 హెక్టార్ల అడవి పెంచాడు. 2018లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు ఇచ్చి ప్రపంచం చప్పట్లు కొట్టింది. కానీ పక్కనున్న వాహిగుయా పట్టణం విస్తరిస్తూ వచ్చి ఆ అడవిని ప్లాట్లుగా కొలిచింది. నేల మీద ఆయనకు కాగితం లేదు. 2023 డిసెంబరులో ఆయన చనిపోయాడు.

ఎడారిని ఆపినవాడు వెంచర్‌ను ఆపలేకపోయాడు.

మన దగ్గర అసైన్డ్ భూములను ఎవరూ కొనకూడదని 1977లోనే చట్టం వచ్చింది. అయినా నగరం దగ్గరికొచ్చిన చోటల్లా ఆ భూములు ఎలా చేతులు మారాయో మీకు తెలుసు. అందుకే 'పర్యావరణం' అని ఎవరు మాట్లాడినా, మొక్క నాటే ముందు పాసుబుక్కు అడగండి. పచ్చదనం శ్రమతో వస్తుంది, హక్కుంటేనే నిలుస్తుంది.

మీ ఊళ్లో అసైన్డ్ భూమి ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉంది? పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టుకోండి. మన చరిత్రను మనమే రాసుకోవాలి.

జై భీమ్.