వృద్ధాప్య శాస్త్రము

వృద్ధాప్య శాస్త్రము అనగా వయసు పెరిగేకొద్దీ శరీరంలోనూ, మనసులోనూ, సాంఘిక జీవనంలోనూ వచ్చే మార్పులను అధ్యయనం చేసే శాస్త్రము. దీనిని ఆంగ్లంలో జెరంటాలజీ అంటారు. జీవశాస్త్రము, వైద్యము, మనస్తత్వ శాస్త్రము, జనాభా శాస్త్రము, సమాజ శాస్త్రము ఇందులో కలుస్తాయి. ముసలివారిలో కనిపించే మార్పులలో వయసు వలన వచ్చినవేవి, జబ్బు వలన వచ్చినవేవి, వారు పెరిగిన కాలపరిస్థితుల వలన వచ్చినవేవి అని వేరుచేయడమే ఈ శాస్త్రంలో అన్నిటికంటే కష్టమైన పని.

ఆరంభం

1825లో బెంజమిన్ గోంపెర్ట్జ్ అనే బీమా గణిత నిపుణుడు, యుక్తవయసు దాటిన తరువాత మరణించే అవకాశము గుణశ్రేఢిలో పెరుగుతుందని చూపాడు. జెరంటాలజీ అన్న పదాన్ని 1903లో ఇల్యా మెచ్నికోవ్ ప్రవేశపెట్టాడు. వృద్ధుల రోగచికిత్సకు జెరియాట్రిక్స్ అనే పేరును 1909లో ఇగ్నాట్జ్ నాషర్ పెట్టాడు. ఈ రెండు పదాలను ఒకటిగా వాడడం పొరపాటు. ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాలలో ఒకటైన రసాయన తంత్రము కూడా వార్ధక్యాన్ని వాయిదా వేయడానికి సంబంధించినదే.

జీవశాస్త్రము

కోడిపిల్ల పిండము గుండె నుండి తీసిన కణజాలాన్ని 1912 నుండి పెంచిన అలెక్సిస్ కారెల్, శరీరం వెలుపల కణాలకు మరణం లేదని ప్రకటించాడు. చాలాకాలం అందరూ దీనిని నమ్మారు. 1961లో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ మామూలు మానవ కణాలు సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతాయని నిరూపించారు. 1993లో సింథియా కెన్యన్ బృందం ఒకే జన్యువులో మార్పు ఉన్న నులిపురుగులు రెండింతలకు పైగా కాలం బ్రతుకుతాయని కనుగొన్నది. అయితే పురుగులలో కనిపించిన ఫలితం మనుషులకు అదే మోతాదులో వర్తిస్తుందని భావించరాదు.

మనస్తత్వ శాస్త్రము

వివిధ వయసుల వారిని ఒకేసారి పరీక్షించిన తొలి పరిశోధనలలో తెలివితేటలు యౌవనం నుండే తగ్గుతున్నట్లు కనిపించింది. వార్నర్ షాయ్ 1956లో సియాటిల్‌లో ఆరంభించిన అధ్యయనంలో అదే వ్యక్తులను ఏడేళ్ళకొకసారి మరల పరీక్షించారు. అప్పుడు చాలా సామర్థ్యాలలో 60 ఏళ్ళకు ముందు చెప్పుకోదగ్గ క్షీణత కనబడలేదు. పెద్దవారికి తక్కువ మార్కులు రావడానికి ఒక ముఖ్య కారణం వారి తరానికి చదువు తక్కువ దొరకడము. అంటే తరాల మధ్య తేడాను ముసలితనంగా లెక్కించారన్నమాట. ఈ పద్ధతికీ లోపమున్నది: నీరసించినవారు మధ్యలోనే తప్పుకొనగా, మిగిలినవారు ఆరోగ్యవంతులే అవుతారు.

సమాజ శాస్త్రము

వృద్ధులు సమాజం నుండి క్రమంగా తప్పుకోవడం సహజమేనని 1961లో కమ్మింగ్, హెన్రీ సిద్ధాంతీకరించారు. తప్పుకున్నారా, తప్పించారా అన్న ప్రశ్నకు ఈ సిద్ధాంతము నిలువలేదు. వయసును బట్టి చూపే వివక్షకు 1969లో రాబర్ట్ బట్లర్ ఏజిజం అని పేరు పెట్టాడు.

భారతదేశంలో

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్ళు దాటినవారు సుమారు 10.4 కోట్లు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పి.వి.రామమూర్తి వృద్ధుల మనస్తత్వంపై పరిశోధనలు చేశాడు. 2017-18లో జరిగిన లాసీ సర్వే మొదటి విడతలో 45 ఏళ్ళు, ఆపై వయసు గల 72,000 మందికి పైగా పాల్గొన్నారు. ఇక్కడ అసలు వయసు తెలుసుకోవడమే ఒక సమస్య. జనన నమోదు లేని తరము వారు 60, 65, 70 అని గుండ్రంగా చెబుతారు. వృద్ధాప్య పింఛను కూడా ఆ అంకెపైనే ఆధారపడుతుంది.

వ్యాధియా, కాదా

2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ వ్యాధుల వర్గీకరణలో మొదట ‘ముసలితనం’ అనే పేరుతో ఒక సంకేతాన్ని చేర్చారు. అలా చేస్తే వైద్యులు ఆ మాట వ్రాసి, నయం చేయగల జబ్బును వెదకడం మానేస్తారని పలువురు అభ్యంతరం తెలిపారు. దానితో ఆ పేరును తీసివేసి, వయసుతో వచ్చే అంతర్గత సామర్థ్య క్షీణత అని మార్చారు.