శ్రీకూర్మంలో తాబేటి పండుగ

జ్యేష్ఠ బహుళ ద్వాదశి నాడు శ్రీకాకుళానికి చేరువనున్న శ్రీకూర్మంలో కూర్మనాథుని జయంతి జరుపుతారు. పులికీ, పాముకీ మ్రొక్కడంలో కొంత భయం పాలు ఉన్నది. చెయ్యి తాకితే తల లోనికి ముడుచుకొనే తాబేటిని చూచి ఎవరు భయపడతారు?

ఆలయం ప్రాచీనమైనది. పదకొండవ శతాబ్ది మొదలుకొని శాసనాలున్నవి. గాంగరాజుల కాలాన, 1281లో, మధ్వ యతి నరహరి తీర్థులు వేయించినది వానిలో ప్రసిద్ధం. స్వామి పశ్చిమాభిముఖుడు, ధ్వజస్తంభాలు రెండు.

ప్రాంగణంలో సజీవ కూర్మాలు కూడా ఉన్నవి. ఇవి నక్షత్ర తాబేళ్లు. పురాణకూర్మం పాలకడలిలో మందరాన్ని మోసినది. ఇవేమో మెట్టనేల జీవులు. (పండితుడికి గాని భక్తునికి ఈ భేదం పట్టదు!) పొలంలో కనబడినదానిని సన్నిధికి చేర్చడం పుణ్యమని తరతరాలుగా నమ్మారు. కాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టడం నేరం. దొంగరవాణా మితిమీరినందున 2019లో దీని అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు.

కనబడిన తాబేటిని ఉన్నచోటనే విడిచి రావలెనని చెప్పినప్పుడల్లా, "స్వామికి ఇవ్వవద్దంటారా మాస్టారూ?" అని మావాళ్లు నొచ్చుకుంటారు.