వెస్ట్ ఆక్లాండ్ వెండి కప్పు

లిప్టన్ అనగానే మనకు తేయాకు పొట్లం కళ్ళ ముందు మెదులుతుంది. ఆ పేరు గల వర్తకుడు సర్ థామస్ లిప్టన్. గ్లాస్గో నగరంలో చిన్న అంగడితో జీవితం ప్రారంభించి, 1890లో సింహళంలో తేయాకు తోటలు కొని, ఆ తేనీటితోనే జగత్ప్రసిద్ధుడైనాడు. ఆయనకు ఆటలంటే మక్కువ మెండు. ఆయన బహూకరించిన ఒక వెండి కప్పు ఇంగ్లండులోని ఒక బొగ్గుగనుల పల్లెకు చేరి, చేజారి, తిరిగివచ్చి, మళ్ళీ చేజారిన వృత్తాంతాన్ని చదువరులతో పంచుకోవాలని ఈ టపా.

ఆ పల్లె పేరు వెస్ట్ ఆక్లాండ్. ఇంగ్లండు ఈశాన్య భాగాన డర్హామ్ కౌంటీలో ఉంది. ఆక్లాండ్ అంటే ముందుగా న్యూజిలాండ్ నగరం గుర్తుకు వస్తుంది గాని, ఆ నగరానికి ఆ పేరు పరోక్షంగా సంక్రమించింది ఈ పల్లె నుంచే. ఇక్కడి ఈడెన్ వంశీయులలో ఒక శాఖవారు ఆక్లాండ్ ప్రభువులైనారు. వారిలో జార్జ్ ఈడెన్ 1836 నుంచి 1842 వరకు మన దేశానికి గవర్నర్ జనరల్. ఆయన బిరుదు న్యూజిలాండ్ నగరానికి, ఆయన ఇంటిపేరు కలకత్తాలోని ఈడెన్ గార్డెన్స్‌కు నిలిచిపోయాయి. ప్రభువుల పేర్లు అలా సముద్రాలు దాటగా, ఊళ్ళో సామాన్యులు భూగర్భంలోకి దిగి బొగ్గు తవ్వారు. సింగరేణివారి మాటలో చెప్పాలంటే బాయిపని.

ఆ గనికార్మికుల ఊళ్ళో 1893లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు వెలిసింది. ఇంగ్లండులో అప్పటికే జీతం తీసుకొని ఆడే వృత్తిక్రీడాకారులు ఉన్నారు. 1885లోనే దానికి అనుమతి లభించింది. వెస్ట్ ఆక్లాండ్‌ది మాత్రం అమెచ్యూర్ జట్టు. పొట్టకూటికి గని, మనసు తీరడానికి ఆట.

1909లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో లిప్టన్ కప్పు పోటీ జరిగింది. ఇటలీ, జర్మనీ, స్విట్జర్లాండ్ జట్లు సిద్ధమయ్యాయి. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం మాత్రం జట్టును పంపడానికి అంగీకరించలేదు. ఆ స్థానంలో పిలుపు అందుకున్నది వెస్ట్ ఆక్లాండ్. ఆటగాళ్ళు ఇంట్లోని వస్తువులు కుదువపెట్టి దారిఖర్చులు సమకూర్చుకున్నారని ఊరివారు చెప్పుకుంటారు. ఈస్టర్ సెలవుల్లో జరిగిన ఆ పోటీలో వారు స్టుట్‌గార్ట్ జట్టును 2-0తో, అంతిమ పోటీలో స్విట్జర్లాండ్‌కు చెందిన వింటర్‌థూర్ జట్టును మళ్ళీ 2-0తో ఓడించి కప్పుతో ఇల్లు చేరారు.

1911లో ఆ కప్పును నిలబెట్టుకోవడానికి మళ్ళీ వెళ్ళారు. ఈసారి అంతిమ పోటీలో ప్రత్యర్థి యువెంటస్. ఇటలీ లీగును అందరికన్నా ఎక్కువసార్లు గెలిచిన క్లబ్బు అదే. 1911 నాటికి దానికి ఇంకా అంతటి వైభవం లేదన్నమాట నిజమే. అయినా 6-1 అన్నది చిన్న గెలుపు కాదు. రెండుసార్లు వరుసగా గెలిచినందువల్ల కప్పు శాశ్వతంగా వెస్ట్ ఆక్లాండ్ సొంతమైంది.

దీనిని ‘తొలి ప్రపంచ కప్పు’ అని ఆ ఊరివారు సగర్వంగా చెప్పుకుంటారు. ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం. ఫీఫా ప్రపంచ కప్పు మొదలైనది 1930లో, ఉరుగ్వేలో. ట్యూరిన్‌లో ఆడినవి నాలుగే నాలుగు జట్లు. పైగా 1908లోనే అదే నగరంలో మరొక అంతర్జాతీయ పోటీ జరిగింది. ఆ బిరుదును ఊరివారి అభిమానంగా స్వీకరించడమే ఉచితం. బిరుదు తీసివేసినా గెలుపుకు లోటేమీ రాదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మరొక కథ. లిప్టన్ పిలవదలచినది వూలిచ్ ఆర్సెనల్ అనే పేరుగల వృత్తిజట్టునట. ఆంగ్లంలో ఆ జట్టు పేరుకూ ఈ పల్లె పేరుకూ పొడి అక్షరాలు రెండూ ఒకటే కావడంతో, ఉత్తరం పొరపాటున ఇక్కడికి వచ్చిందట. వినసొంపైన కథే, గాని దానికి నిలకడైన ఆధారం లేదు. మన చాటుకథలను చూడండి. కాళిదాసు మొదట మూఢుడైన గొల్లవాడని, కాళి కరుణించగా కవి అయ్యాడని చెబుతారు. తెనాలి రామకృష్ణునికీ కాళికాదేవి వరమే కారణం. సామాన్యుడు గొప్ప పని చేస్తే లోకానికి నమ్మబుద్ధి కాదు. దైవాన్నో, పొరపాటునో మధ్యలోకి తెస్తుంది. పిలుపు పొరపాటున వచ్చిందనే అనుకుందాం. గోళ్ళు పొరపాటున పడవు కదా! 1911 నాటి విజయాన్ని ఏ ఉత్తరం మీదికి నెట్టగలం?

గెలుపు కడుపు నింపలేదు. ప్రయాణాలు క్లబ్బును అప్పులపాలు చేశాయి. 40 పౌన్ల అప్పుకు హామీగా ఆ కప్పు ఊళ్ళోని ఒక హోటలు యజమానురాలి వద్దకు చేరింది. అలా దాదాపు అర్ధశతాబ్దం గడిచింది. 1960లో ఊరంతా చందాలు వేసుకొని, 100 పౌన్లు చెల్లించి ఆమె వద్దనుంచి విడిపించుకున్నారు. ఆ మరుసటి ఏడే, 1961లో, ఆ జట్టు ఇంగ్లండు అమెచ్యూర్ కప్పు అంతిమ పోటీకి చేరింది. ఓడిపోయింది, అది వేరే మాట.

డర్హామ్ బొగ్గు ప్రాంతంలో చివరి లోతుగనులు 1993లో మూతపడ్డాయి. 1994 జనవరిలో శ్రామికుల క్లబ్బులో ఉంచిన ఆ వెండి కప్పును దొంగలు ఎత్తుకుపోయారు. అది మళ్ళీ దొరకలేదు. ఊరివారు అచ్చంగా అటువంటిదే మరొక కప్పు చేయించుకున్నారు. జట్టు ఆట మానలేదు. 2012లోనూ, 2014లోనూ చిన్న క్లబ్బుల కోసం జరిపే ఎఫ్.ఏ. వేజ్ పోటీలో వెంబ్లీ మైదానం దాకా వెళ్ళి, రెండుసార్లూ ఓడివచ్చింది. 2013లో ఊరి పచ్చికబయలులో ఆనాటి విజయానికి స్మారకంగా శిల్పం వెలసింది.

వెండి పోయినా కథ పోలేదంటే, దానిని ఊరు మరువకుండా చెప్పుకొన్నందువల్లనే. మన ఊళ్ళ బడులలో బీరువాల మీద దుమ్ము పట్టిన షీల్డులు ఎన్ని లేవు! కబడ్డీవో, వాలీబాల్‌వో. వాటి మీద సంవత్సరం చెక్కి ఉంటుంది గాని, ఆడినవారి పేర్లుండవు. కైఫీయతులు రాయించడానికి ఆనాడు మెకంజీ దొర వచ్చాడు. ఇప్పుడు ఎవరూ రారు. తెలుగులో రాసుకొనే వీలు మన చేతికే వచ్చింది కనుక, మిత్రులారా, ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ఆ పేర్లు తెలిసిన పెద్దలెవరైనా ఉంటే అడిగి రాసిపెట్టండి.

సెలవు.