నర్సు సంచి, డాక్టరు వ్యాను

పబ్లిక్ హెల్త్ నర్సింగ్ చదివినవాళ్లని నిద్రలో లేపి అడిగినా బ్యాగ్ టెక్నిక్ తడుముకోకుండా చెప్తారు. రోగి ఇంటికి వెళ్లగానే సంచిని నేల మీద పెట్టకూడదు. పొడిగా ఉన్న చోటు చూసుకుని న్యూస్‌పేపరు పరచాలి, దాని మీద సంచి పెట్టాలి. ముందు సబ్బూ తువ్వాలూ తీసి చేతులు కడుక్కోవాలి. ఆ తర్వాతే మిగతా సామాను: థర్మామీటరు, కిడ్నీ ట్రే, ఫోర్సెప్స్, దూది, స్పిరిట్ దీపం, టెస్ట్ ట్యూబులు, బెనెడిక్ట్ ద్రావణం. అయిదు మిల్లీలీటర్ల ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి దీపం మీద కాచాలి. నీలం నీలంగానే ఉంటే సరే. ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకు వచ్చిందంటే ఆ ఇంటి అవ్వకు చక్కెర జబ్బు సంగతి మెల్లగా చెప్పాలి. పని ముగిశాక, నేలకు తగిలిన వైపు లోపలికి పోయేట్టు పేపరు మడవాలి. గ్లూకోమీటర్లు వచ్చి దీపం పోయింది కానీ పేపరు ఇంకా పోలేదు.

చిత్తూరు జిల్లాలో ఈ పాఠం చెప్పి రిటైరైన ట్యూటర్ని నేను. చెక్స్ చీరలు కట్టుకుని, సంచులు భుజాన వేసుకుని మా పిల్లలు ఒక వీధిలో తిరుగుతుంటే, పక్క వీధిలో మెడికల్ కాలేజీ వ్యాను ఆగేది. ఎస్పీఎం (సామాజిక, నివారణ వైద్యం) డిపార్ట్‌మెంట్ హౌస్ సర్జన్లు అక్కడే బల్ల వేసుకుని మాత్రలు ఇచ్చేవారు. వాళ్లూ మేమూ ఒకే ఊరికి, ఒక్కోసారి ఒకే రోజు వెళ్లేవాళ్లం. ఒకే ఇంట్లోకి కలిసి అడుగుపెట్టింది మాత్రం చాలా తక్కువ. ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ఇంటికెళ్లి రోగిని చూసుకునే నర్సు వృత్తి 1859లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో మొదలైంది. విలియం రాత్‌బోన్ అనే వర్తకుడు, మరణశయ్య మీద ఉన్న తన భార్యకు సేవ చేసిన మేరీ రాబిన్సన్ అనే నర్సును, ఆమె పోయాక జీతం ఇచ్చి పేదల ఇళ్లకు పంపాడు. ఇలాంటివాళ్లు ఇంకా కావాలంటే ఎక్కడ దొరుకుతారని ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను అడిగితే, మీ ఊళ్లోనే తయారు చేసుకోమని ఆమె సలహా. 1862లో లివర్‌పూల్‌లో నర్సుల శిక్షణ పాఠశాల వెలిసింది. 1893లో న్యూయార్క్ వలస పేటల్లో లిలియన్ వాల్డ్ ఇదే పని మొదలుపెట్టింది. మా సంచి ఆ పరంపరలోదే. అది మొదటినుంచీ నర్సు ఒంటరిగా మోసిన సంచి, డాక్టరు దాని పక్కన నడవలేదు.

మా వైపు కథ వేరుగా నడిచే అవకాశం ఒకటి ఉండింది. చిత్తూరుకు గంట దూరంలో ఉన్న వేలూరులో డాక్టర్ ఐడా స్కడర్ 1900లో చిన్న గదిలో వైద్యం మొదలుపెట్టింది. రోగులు రాలేని చోటికి తానే వెళ్లాలని రోడ్డు పక్క చెట్ల కింద వైద్యం సాగించింది. 1909లో ఆమెకు ఒక ప్యూజో కారు వచ్చింది, అదే ఏడు నర్సుల శిక్షణా మొదలైంది. ఆడపిల్లలకు మెడికల్ స్కూలు పెడతానంటే, ముగ్గురు కూడా రారని మద్రాసు అధికారి నవ్వాడట. 1918లో 151 దరఖాస్తులు వచ్చాయి. గుడియాత్తం రోడ్డు మీద ఆ బండి ఆగిన చోట తమిళంతో పాటు తెలుగూ వినపడేది. మందు కలిపేవాళ్లు, కట్టు కట్టేవాళ్లు, నాడి చూసేవాళ్లు, పక్కన నిలబడి నేర్చుకునే పిల్లలు అందరూ ఆ ఒక్క బండిలోనే దిగేవారు. ఈ అలవాటు వేలూరులో పూర్తిగా చెరిగిపోలేదు. మెడిసిన్, నర్సింగ్, థెరపీ కోర్సుల మొదటి ఏడాది పిల్లలు కలిసి ఒక ఊళ్లో మకాం వేసి ఇంటింటికీ తిరిగే కార్యక్రమం తర్వాతి కాలంలోనూ నడిచింది.

మిగతా దేశంలో చట్టాలే గోడలు కట్టాయి. డాక్టర్ల చదువును అప్పట్లో చూసిన మెడికల్ కౌన్సిల్‌కు 1933 చట్టం, నర్సులకు 1947 చట్టం, ఫార్మసీకి 1948 చట్టం. ఫిజియోథెరపీ లాంటి వాటికి 2021 వరకూ జాతీయ చట్టమే లేదు. ఎవరి సిలబస్ వారిది, ఎవరి ఇన్‌స్పెక్షన్ వారిది. 1946లో భోర్ కమిటీ రేపటి డాక్టరు సామాజిక వైద్యుడు కావాలని, అందుకు ప్రత్యేకంగా మూడు నెలల శిక్షణ ఉండాలని రాసింది. కాయితం మీద బాగుంది. 1977లో రోమ్ (రీఓరియెంటేషన్ ఆఫ్ మెడికల్ ఎడ్యుకేషన్) పథకం వచ్చింది. ఒక్కో మెడికల్ కాలేజీ మూడు బ్లాకుల బాధ్యత తీసుకోవాలన్నారు, సంచార వైద్యశాలలని పెద్ద పెద్ద వ్యాన్లు ఇచ్చారు. మా దగ్గర్లోని కాలేజీకి వచ్చిన వ్యాను సందుల్లో తిరిగేది కాదు. ఊరి బయట చింతచెట్టు కిందే ఆగేది. నడవగలిగినవాళ్లు దాని దగ్గరికి వెళ్లేవారు, నడవలేని ముసలివాళ్లు ఇంట్లోనే ఉండిపోయేవారు. డీజిలు బిల్లుల గొడవ మొదలయ్యాక అదీ షెడ్డుకే పరిమితమైంది.

అంతమాత్రాన నర్సింగ్ వైపు అంతా సవ్యంగా ఉందని అనను. మా ఫ్యామిలీ ఫోల్డర్‌లో గర్భిణికి కార్డు ఉండేది, అయిదేళ్లలోపు పిల్లలకు కార్డు ఉండేది, కుటుంబ నియంత్రణకైతే చెప్పనక్కర్లేదు. అరవై దాటిన మనిషికి వయసు గడి తప్ప ఏమీ లేదు. దేశం దృష్టి అప్పుడు పుట్టేవాళ్ల మీదే ఉండింది. ముసలితనం కూడా ఒక వైద్య విభాగమేనని మద్రాసులో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లో వృద్ధులకు ప్రత్యేక ఓపీ పెట్టి చూపించాడు. కేంద్రం వృద్ధుల ఆరోగ్యానికి జాతీయ కార్యక్రమం తెచ్చేసరికి 2010 వచ్చింది.

కలిసి వెళ్తే ఏం తేడా వస్తుందో నేను కళ్లారా చూశాను. ఎస్పీఎంలో ఒక మంచి ప్రొఫెసర్ ఉండేవారు. ఆయనా నేనూ మాట్లాడుకుని, కాయితాలేమీ లేకుండా, ఇద్దరు హౌస్ సర్జన్లను, మా పిల్లల్లో ముగ్గురిని, ఒక ఫిజియోథెరపీ అబ్బాయిని, ఒక ఫార్మసీ అమ్మాయిని కలిపి ఇళ్లకు పంపేవాళ్లం. ఒక ఇంట్లో అవ్వ రాత్రిపూట పదే పదే పడిపోతోంది. కోడలు విసిగిపోయి, "ఏం చెప్పేదమ్మా, దయ్యం పట్టినట్టు లేస్తుంది, పడుతుంది" అంది. హౌస్ సర్జన్ బీపీ చూశాడు, బాగానే ఉందన్నాడు. మా అమ్మాయి, "సార్, నిలబెట్టి కూడా చూడండి" అంది. నిలబెడితే అవ్వ తూలింది, బీపీ బాగా దిగింది. ఫార్మసీ అమ్మాయి గూట్లోని మందుల డబ్బా దించి బోర్లించింది. సర్కారు ఆసుపత్రి ఇచ్చిన బీపీ మాత్రా, టౌన్లో ప్రైవేటు డాక్టరు రాసిన మాత్రా పేర్లు వేరే కానీ మందు ఒకటే. అవ్వ రెండూ వేసుకుంటోంది. ఫిజియో అబ్బాయి అవ్వను మంచం మీంచి లేవమన్నాడు. వదులైపోయిన నులక మంచంలోంచి లేవడమే ఆమెకు పెద్ద పని. పైగా పెరట్లో మరుగుదొడ్డికి రెండు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. నులక బిగించి, మెట్ల పక్కన ఒక వాసం పాతించారు. ఎక్కువైన మాత్ర మానిపించారు. తిరిగొస్తూ ఆ హౌస్ సర్జన్ నాతో, "మేడమ్, వార్డులో అయితే సెలైన్ పెట్టి పంపేసేవాణ్ణి" అన్నాడు. ప్రొఫెసరుగారు బదిలీ అయ్యాక ఆ ఏర్పాటూ ఆగిపోయింది. మార్కులు లేని పనికి ఎవరు పిల్లల్ని వదులుతారు?

ఆ పనిని ఒకరిద్దరి మంచితనం మీద ఆధారపడకుండా నిలబెట్టింది కేరళలోని కోళికోడ్. 1993లో అక్కడి మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ తదితరులు నొప్పి, ఉపశమన వైద్యానికి సొసైటీ పెట్టారు. మొదట క్యాన్సర్ రోగుల నొప్పి తగ్గించడమే పని. ఓపీకి రాలేనివాళ్లే ఎక్కువని త్వరలోనే తెలిసింది. 2001 నాటికి మలప్పురం వైపు ఊరివాళ్లే బాధ్యత తీసుకునే పద్ధతి రూపం కట్టింది. కాలేజీ పిల్లలు, ఆటో నడిపేవాళ్లు, గృహిణులు కొన్ని గంటల పాఠం విని, హోమ్ కేర్ బండిలో వెళ్లి పని నేర్చుకునేవారు. ఆ బండికి పెద్ద నర్సే. ఎవరింటికి ముందు వెళ్లాలో, ఏ డ్రెస్సింగ్ మార్చాలో, డాక్టర్ని ఎప్పుడు పిలవాలో ఆమే నిర్ణయిస్తుంది. మెడికల్ విద్యార్థి ఆ బండెక్కితే ఆమె చెప్పినట్టు కేథటర్ సంచి పట్టుకుంటాడు, పడక పుండు కడగడం నేర్చుకుంటాడు. మంచాన పడ్డ తాతకు రెండు గంటలకోసారి పక్క మార్చాలంటే ఆ ఇంట్లో రాత్రి ఎవరు మేల్కోవాలన్న లెక్కా వేస్తాడు. క్యాన్సర్‌తో మొదలైన పని పక్షవాతానికి, వృద్ధాప్యానికి విస్తరించింది. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని విధానంగా ప్రకటించి, పంచాయతీల చేతిలో పెట్టింది.

ఆ గాలి మన వైపూ వీచింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్యం వేళ్లూనుకుంది. తెలంగాణలో "ఆలన" పేరుతో హోమ్ కేర్ బళ్లు తిరుగుతున్నాయి. ఆంధ్రలో 2023లో ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం కింద డాక్టరు 104 వాహనంలో ఊరికి వచ్చి, మంచం పట్టినవాళ్లను ఇంటికెళ్లి చూడాలన్నారు. 2022 నుంచి ఎంబీబీఎస్ పిల్లలు మొదటి ఏడాదిలోనే కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువు అయ్యేదాకా చూడాలని జాతీయ వైద్య కమిషన్ నియమం. మంచిదే. కానీ ఆ నియమం ఎంబీబీఎస్ వాళ్లది. నర్సింగ్ పిల్లల కమ్యూనిటీ పోస్టింగ్ ఎప్పటిలా వేరే టైమ్ టేబుల్లో, బహుశా అదే వీధిలో నడుస్తోంది.

కౌన్సిళ్లను కలపమని నేను అడగడం లేదు, అది మనవల్ల అయ్యేది కాదు. విజయవాడలో 1986 నుంచి ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది, వరంగల్‌లో కాళోజీ పేరుతో మరొకటి ఉంది. మెడిసిన్ పరీక్షా నర్సింగ్ పరీక్షా పెట్టేది అవే. దత్తత కుటుంబాల జాబితానే నర్సింగ్, ఫిజియోథెరపీ కాలేజీలకూ ఇవ్వండి. వారంలో ఒక పూట అందరికీ ఒకే సమయం పెట్టండి. ఆ పూట చేసిన పనికి అన్ని కోర్సుల్లోనూ ఇంటర్నల్ మార్కులు వేయండి. ఆ మార్కులు వేసేవాళ్లలో ఒక పబ్లిక్ హెల్త్ నర్సు తప్పకుండా ఉండాలి.