పీఆర్‌ఐ నుంచి సిప్ ట్రంకుకు: గడియారాల పొందిక

తిరుపతి ఆసుపత్రుల్లో, హోటళ్లలో, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో ఉండే తరహా ఈపీఏబీఎక్స్‌ను (సంస్థ సొంత టెలిఫోన్ ఎక్స్ఛేంజీని) పీఆర్‌ఐ లైను నుంచి ఇంటర్నెట్ మీద నడిచే సిప్ ట్రంకుకు మార్చేటప్పుడు రెండు గడియారాలు చూసుకోవాలి. మాటను నమూనాలుగా కోసే లయ ఒకటి, కాల్ రికార్డులో పడే వేళ ఇంకొకటి. చిక్కులు ఎక్కువగా మొదటిదానివే.

పీఆర్‌ఐ వచ్చేది ఈ1 లైను మీద: సెకనుకు 2.048 మెగాబిట్లు, 32 టైమ్‌స్లాట్లు, వాటిలో మాటలకు 30, ఒక్కో ఫ్రేము 125 మైక్రోసెకన్లు. ఎక్స్ఛేంజీ పంపే బిట్ల లయనే ఈపీఏబీఎక్స్ తన లయగా తీసుకుంటుంది. బిల్లులో ఎక్కడా కనబడని సేవ ఇది. ఐటీయూ జీ.811 ప్రకారం నెట్‌వర్కు మూల గడియారం తప్పు పదివేల కోట్లలో ఒక వంతు దాటకూడదు. అలాంటి రెండు గడియారాల నడుమ ఒక ఫ్రేము జారడానికి, అంటే ఒక స్లిప్‌కు, 70 రోజులని కొందరు, 72 రోజులని కొందరు రాస్తారు. లెక్క కడితే 72 పైచిలుకు వస్తుంది. 70 గుండ్రం చేసిన అంకె కావచ్చు. అదే 50 పీపీఎం (పది లక్షలకు 50 వంతులు) తేడా ఉన్న సొంత క్రిస్టల్ మీద నడిస్తే రెండున్నర సెకన్లకొక స్లిప్. మాటలో అది చిన్న టిక్కు. ఫ్యాక్స్ అయితే పేజీ మధ్యలో తెగవచ్చు.

చాలాచోట్ల పాత ఈపీఏబీఎక్స్‌ను ఉంచి, దాని ముందు గేట్‌వే పెడతారు. అటు సిప్, ఇటు ఈ1. గేట్‌వే, ఈపీఏబీఎక్స్ రెండూ లైను నుంచే లయ తీసుకునేలా సెట్ చేసి ఉంటే లయ ఇచ్చేదే ఉండదు. గేట్‌వేను మాస్టర్‌గా, ఈపీఏబీఎక్స్‌ను స్లేవ్‌గా పెట్టడం సాధారణ పరిష్కారం. ముందుజాగ్రత్తకు ఒక పీఆర్‌ఐ అట్టే పెట్టుకుంటే ఈపీఏబీఎక్స్ దాని లయ మీదే నడుస్తూ పోతుంది. తప్పు బయటపడేది ఆ లైను సరెండర్ చేసిన రోజే.

సిప్ పుట్టుకను కొందరు 1996 నాటి ముసాయిదాలకు, కొందరు 1999 మార్చి నాటి ఆర్‌ఎఫ్‌సీ 2543కు కడతారు. నేటి పరికరాలకు ఆధారం 2002 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3261. దాని వెంట మాటను మోసే ఆర్‌టీపీ ప్యాకెట్లలో నమూనాల లెక్క ఉంటుంది గానీ ఉమ్మడి లయ ఉండదు. 20 మిల్లీసెకన్ల ప్యాకెట్‌కు 160 నమూనాలు. 50 పీపీఎం తేడా ఉంటే దాదాపు 400 సెకన్లకొక ప్యాకెట్ మిగలడమో తగ్గడమో జరుగుతుంది. మాట ఆగిన క్షణాల్లో జిట్టర్ బఫర్ దాన్ని సర్దేస్తుంది. ఫ్యాక్స్‌కు ఆ వీలు లేదు కనుక 1998 నాటి ఫ్యాక్స్ ప్రమాణం టీ.38 మేలు.

వేళ సంగతి తేలిక: నెట్‌వర్కు మీద వేళ కలిపే ఎన్‌టీపీ చాలు. కరెంటు పోయి వచ్చాక గేట్‌వే తేదీ వెనక్కి పోతే టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ చెల్లక ట్రంకు రిజిస్టర్ కాకపోవచ్చు. ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సర్వర్లతో గానీ, వాటికి ముడిపడిన సర్వర్లతో గానీ గడియారాలు కలపాలని ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది.

2022లో తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోట నుంచి 2023 మే 29న వెళ్లిన నావిగేషన్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01లో స్వదేశీ రుబీడియం గడియారం ఉంది. అలాంటి ఉపగ్రహాల రిసీవర్‌తో ఈపీఏబీఎక్స్‌కు లయ తీసుకోవడం సాధ్యమే. శాఖల మధ్య సొంత ఈ1 లైన్లున్న పెద్ద ఆసుపత్రులకో విశ్వవిద్యాలయాలకో తప్ప ఆ ఖర్చు దండగ.