సింగరేణి వాటా, సారపాక కాగితం

భద్రాచల యాత్రకు రైలులో వెళ్ళేవారు దిగే స్టేషను పేరు భద్రాచలం రోడ్డు. స్టేషను ఉన్నది మాత్రం కొత్తగూడెంలో. అక్కడికి గోదావరి ఒడ్డు ఇంకా నలభై కిలోమీటర్లు. రాముని క్షేత్రం పేరు పెట్టుకొన్న ఆ దారి నిజానికి బొగ్గు కోసం వేసిన దారి. ఆ బొగ్గు వెనుక లండన్ నగరంలో అమ్ముడుపోయిన వాటాల కథ ఒకటి ఉన్నది.

చిన్న కంపెనీల వాటాలలో సొమ్ము పెట్టి ఓపికతో కూర్చుంటే పెద్ద కంపెనీల వాటాలకంటె ఎక్కువ ప్రతిఫలం వస్తుందన్న మాట ఈనాడు ఇంటింటా వినవస్తున్నది. ఉద్యోగ విరమణ సొమ్మును ఏ ఫండులో దాచుకోవాలా అని ఆలోచించే గృహస్థుకు ఇది వినోదానికి అడిగే ప్రశ్న కాదు. ఖమ్మం మన్యపు అంచున ఈ ప్రశ్నకు సుమారు నూట నలభై సంవత్సరాల సాక్ష్యం లభిస్తుంది.

భద్రాచలం వెళ్ళే యాత్రికులు వంటకు పొయ్యిరాళ్ళుగా పెట్టుకొన్న నల్లరాళ్ళు తామే అంటుకొని మండినవని ఇల్లెందు ప్రాంతంలో ఒక కథ చెప్పుకొంటారు. కథ ఎట్లున్నా, 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గు నిక్షేపాన్ని కనుగొన్నాడు. 1886లో నిజాం రాజ్యంలో గనుల హక్కు పొంది హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇంగ్లండులో ఏర్పడింది. దాని మూలధనం పది లక్షల పౌన్లు. పది పౌన్ల చొప్పున లక్ష వాటాలు. అందులో 85 వేల వాటాలను, పూర్తిగా చెల్లించినట్లే లెక్క రాసి, హక్కు సంపాదించిన దొరలే పుచ్చుకొన్నారు. రొక్కం పెట్టి కొనవలసిన వాటాలు 15 వేలు మాత్రమే. ముఖవిలువకు మించిన ధరకు కొన్ని వాటాలను నిజాం సర్కారుకే అంటగట్టారు. ఈ వ్యవహారం రచ్చకెక్కి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘాన్నే నియమించవలసి వచ్చింది. భూమిలోని బొగ్గు పైకి రాకముందే వాటాలలోని లాభం కొందరి జేబులకు చేరిపోయిందన్న మాట! కంపెనీ ఎంత మంచిదైనా, వాటాను ఎవరి చేతినుంచి, ఏ ధరకు కొన్నామన్నదే తొలి లెక్క.

అదే కాలంలో నిజాం రైల్వే కంపెనీలో సొమ్ము పెట్టినవారికి సర్కారు ఏటా నూటికి అయిదు వంతున రాబడికి పూచీపడింది. బొగ్గు వాటాదారుకు అట్టి పూచీ లేదు. తవ్వకంలో బొగ్గు దొరకాలి, దొరికినది రైలెక్కాలి, ఆపైన ధర పలకాలి. 1888 నాటికి డోర్నకల్ నుంచి సింగరేణికి రైలు పడిన తరువాతనే గని నిలదొక్కుకొన్నది. అయితే గనులన్నిటికీ ఒకే యోగం పట్టలేదు. నిజాం రాజ్యంలోనే హట్టి బంగారు గని 1920 నాటికి మూతపడింది. బంగారం ఓడింది, బొగ్గు గెలిచింది. 1886లో ఈ రెండిటిలో దేనిమీద ఆశ పెట్టుకోవాలని అడిగి ఉంటే ఎందరు బొగ్గు పేరు చెప్పి ఉండేవారు!

1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ అనే కొత్త కంపెనీ ఏర్పడి పాత కంపెనీ ఆస్తులను తీసుకొన్నది. 1945లో హైదరాబాద్ ప్రభుత్వం అధిక సంఖ్యాకమైన వాటాలను కొనివేసింది. 1956లో ఆ అధికారం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వచ్చింది. 1960లో కేంద్రం కూడా వాటాదారు అయింది. నేడు 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. 1992లో ఇదే సంస్థ ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కి, ఆ దశాబ్దం చివర తేరుకొన్నది. 1998-99 నుంచి లాభంలో కార్మికులకు కూడ భాగం పంచుతున్నారు. 2022-23 సంవత్సరపు లాభం 2,222 కోట్ల రూపాయలు కాగా, అందులో 32 శాతం, అనగా 711 కోట్లు, కార్మికులకు దక్కింది. ఆ లాభం చూసి, 1920లో మా తాతగారు నాలుగు సింగరేణి వాటాలు కొని ఉంటేనా అని నేడు ఎవరైనా నిట్టూర్చవచ్చు. కాని 1945లో సర్కారుకు అమ్మివేసిన వాటాదారుకు ఆ దీర్ఘకాలం అక్కడితో సరి.

భద్రాచలానికి ఎదుటి ఒడ్డున, సారపాకలో, రెండవ కథ నడిచింది. 1975లో ఐ.టి.సి. ప్రోత్సాహంతో భద్రాచలం పేపర్ బోర్డ్స్ కంపెనీ ఏర్పడి, 1979లో ఉత్పత్తి ఆరంభించింది. కష్టనష్టాలు పడింది. మేలుజాతి జామాయిల్ క్లోన్లను పెంచి రైతుల పొలాలకు చేర్చింది. 2002లో ఐ.టి.సి.లో విలీనమైంది. ఓపిక పట్టిన వాటాదారు చేతికి పెద్ద కంపెనీ వాటాలు వచ్చినవి. అతని చిన్న కంపెనీ మాత్రం వాటాల జాబితానుంచి మాయమైంది.

ఈ మాయమగుటలోనే అసలు చిక్కు ఉన్నది. 1981లో రోల్ఫ్ బాంజ్ అనే పండితుడు న్యూయార్క్ ఎక్స్ఛేంజి వాటాల దశాబ్దాల లెక్కలు తీసి, చిన్న కంపెనీలు అధిక ప్రతిఫలం ఇచ్చినవని చూపాడు. ఆ ఏడే అమెరికాలో ఆ సూత్రంమీద ఫండు కూడ వెలసింది. అటు తరువాత ఆ ఆధిక్యం మునుపటివలె నిలకడగా కనిపించలేదు. పైగా 1997లో టైలర్ షమ్వే మరొక లోపం పట్టుకొన్నాడు: దివాలా తీసి జాబితానుంచి తొలగిన కంపెనీల చివరి నష్టం అనేకసార్లు లెక్కలలోకి రానేలేదు. ఆయన విన్సెంట్ వార్తర్‌తో కలిసి 1999లో ఆ నష్టాన్ని కూడ చేర్చి చూడగా, నాస్‌డాక్ విపణిలో చిన్న కంపెనీల ఆధిక్యం కరగిపోయింది. ఊరిలో బతికున్న వృద్ధులను మాత్రమే లెక్కించి, ఈ ఊరి నీరు దీర్ఘాయువు నిస్తుందని చాటినట్లున్నది ఆ పాత లెక్క!

ఒక్క కంపెనీని నమ్ముకొనే బదులు నూరింటిని కలిపి కొనడమే ఫండు చేసే పని. హట్టి పోయినా సింగరేణి నిలబెడుతుంది. మన దేశంలో 2017నాటి సెబీ నిబంధన ప్రకారం, విపణి విలువలో 251వ స్థానం మొదలు కిందనున్న కంపెనీలే చిన్నవి. చిన్న కంపెనీల ఫండు తన సొమ్ములో కనీసం 65 శాతాన్ని వాటిలోనే ఉంచాలి. ఎదిగిన కంపెనీ ఆ తరగతి దాటిపోతుంది, కొత్తది వచ్చి చేరుతుంది. కాబట్టి ఇరవై ఏండ్ల ప్రతిఫలమంటే ఇరవై ఏండ్లు అవే కంపెనీల ప్రతిఫలం కాదు.

ఇక కాలం సంగతి. బొంబాయి ఎక్స్ఛేంజి చిన్న కంపెనీల సూచీ 2008 జనవరిలో 14 వేలకు ఎగువన ఉండి, 2009 మార్చి నాటికి 3 వేలకు దిగువన పడింది. తిరిగి ఆ ఎత్తును అందుకొన్నది 2017లో. నడుమ పదేండ్లకు దగ్గర. ఈ సూచీలో డివిడెండ్లు చేరవు గనుక అవి పుచ్చుకొన్నవారి నష్టం కొంత తక్కువే. అయితే రెండువేల తొమ్మిదిలో అమ్మాయి పెండ్లికి ఆ సొమ్ము తీయవలసి వచ్చిన ఇంటివారు 2017 వరకు ముహూర్తం వాయిదా వేసుకోలేరు కదా.